కాలు తీసేసిన తర్వాత: షుగరు రోగిని చూసుకునేవారి ఆరోగ్యం

షుగరు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చిన రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ కాగితంలో మందుల పేర్లుంటాయి, ఇన్సులిన్ మోతాదు ఉంటుంది, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ ఉంటుంది. ఆ ఇన్సులిన్ ఇచ్చేదెవరో, కట్టు విప్పి పుండు చూసేదెవరో, రాత్రి లేపి బాత్రూముకు తీసుకెళ్లేదెవరో అందులో ఉండదు. చాలా ఇళ్లలో ఇవన్నీ చేసేది ఒకే మనిషి: భార్య, లేకపోతే కోడలు, లేకపోతే పుట్టింటికి తిరిగొచ్చి ఉండిపోయిన కూతురు.

వారి ఆరోగ్యం గురించి మాట్లాడితే మన దగ్గర వెంటనే వినిపించే మాట ‘ఓపిక’. ఎంత ఓపికగా చేస్తోందో చూడండి అంటారు, లేదా ఓపిక తగ్గిపోయిందంటారు. అసలు సమస్యను ఈ మాట దాచేస్తుంది. ఈ మనుషులను ఎక్కువగా కుంగదీసేది పని బరువు ఒక్కటే కాదు. ఎవరూ నేర్పని పనిని ఒంటరిగా, తేడా వస్తే తప్పు తన మీదికే వస్తుందన్న భయంతో చేయాల్సి రావడమే వారిని తినేస్తుంది. రోగాన్ని వెనక్కి తిప్పలేకపోయినా ఈ పరిస్థితిని మాత్రం మార్చవచ్చు.

సమస్య ఎంత పెద్దదో తెలియాలంటే షుగరు మీద దేశవ్యాప్తంగా జరిగి, 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం చూడాలి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అది అంచనా వేసింది. షుగరు వల్ల కాలు తీసేసే సందర్భాల్లో నూటికి దాదాపు 85 పాదం మీద పుండుతోనే మొదలవుతాయని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. చిన్న పుండు పెద్దదై, గ్యాంగ్రీన్‌గా మారి (అంటే ఆ భాగం కుళ్లిపోయి), ఒక రాత్రి కుటుంబం నిర్ణయం తీసుకోవాల్సిన స్థితికి చేరుతుంది.

సంరక్షకుల మనసు మీద మొదటి దెబ్బ పడేది అక్కడే. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతోంది, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అని డాక్టర్లు చెప్పినప్పుడు రోగి తరచూ జ్వరంతోనో మగతతోనో ఉంటాడు. అంగీకార పత్రం మీద సంతకం భార్యో కొడుకో పెడతారు. ప్రాణం దక్కినా ఆ సంతకం వదలదు. ‘నన్ను అడగకుండా నా కాలు కోయించారు’ అని కోపంలో రోగి అనే ఒక్క మాట ఏళ్ల తరబడి ముల్లులా ఉండిపోతుంది. దానికి తోడు ముందే ఎందుకు చూసుకోలేదన్న పశ్చాత్తాపం. ఈ విషయంలో కుటుంబాలు తమను తాము అన్యాయంగా శిక్షించుకుంటాయి. షుగరుతో నాడులు దెబ్బతిన్న పాదానికి నొప్పి తెలియదు. చెప్పులో రాయి ఉన్నా, వేడి నీళ్లకు బొబ్బలెక్కినా ఆ మనిషికే తెలియదు, ఇక పక్కవాళ్లకు తెలిసేదెలా? రోజూ పాదాలు చూసుకోవాలని వారికి ఎవరూ చెప్పి ఉండకపోతే ఆ తప్పు భార్యది కాదు. ఆపరేషన్ అయ్యాక డాక్టరో నర్సో ఈ ఒక్క మాట సూటిగా చెబితే చాలా మనసులు తేలికపడతాయి.

ఇంటికి వచ్చాక మొదలయ్యే పనులు చూడటానికి చిన్నవి. కానీ వాటిలో ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంది, తెలియక చేస్తే నష్టమూ ఉంది. మోకాలి కింది నుంచి కాలు తీసేసిన మనిషికి ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే మొదటి పని మోకాలి కింద మెత్తటి దిండు పెట్టడం. పెడితే హాయిగా ఉంటుంది, రోగి కూడా అదే అడుగుతాడు. కానీ మోకాలు రోజుల తరబడి వంగి ఉంటే కండరాలు బిగుసుకుపోయి, తర్వాత పూర్తిగా చాచడానికి రాదు. చాచలేని మోకాలికి కృత్రిమ కాలు సరిగ్గా అమరదు. అందుకే మోకాలిని నిటారుగా ఉంచాలని, డాక్టర్ సరే అన్నాక రోజులో కొన్నిసార్లు కాసేపు బోర్లా పడుకోబెట్టాలని ఫిజియోథెరపిస్టులు చెబుతారు. ఆ సంగతి తెలిస్తే దిండు ఇవ్వనందుకు భార్యకు తాను కఠినంగా ఉన్నానన్న బాధ ఉండదు. తెలియకపోతే, మూడు నెలల తర్వాత కృత్రిమ కాలు తయారుచేసే చోట ‘ఇంట్లో సరిగ్గా చూసుకోలేదా’ అన్న ప్రశ్న ఎదుర్కోవాల్సి వస్తుంది.

క్రేప్ బ్యాండేజ్ (సాగే గుడ్డ పట్టీ) కట్టడమూ అంతే. మిగిలిన కాలి చివర వాపు తగ్గి కృత్రిమ కాలికి తగిన ఆకారం రావాలంటే, కింద బిగువుగా, పైకి వచ్చేకొద్దీ కాస్త వదులుగా, 8 అంకె ఆకారంలో చుట్టాలి. గుండ్రంగా చుట్టేసి పైన గట్టిగా బిగిస్తే రక్తం కిందికి వెళ్లి తిరిగి రాలేక చివర ఉబ్బుతుంది. కట్టు రోజుకు చాలాసార్లు విప్పి మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఆస్పత్రి వార్డులో ఒక్కసారి చూసినంత మాత్రాన ఇది చేతికి రాదు, నర్సు పక్కన నిలబడి ఉండగా తన చేత్తో నాలుగైదుసార్లు కట్టిన మనిషికే వస్తుంది.

ఇన్సులిన్ విషయంలో ప్రమాదం మరో రకం. ఇన్ఫెక్షన్ ఉన్నన్నాళ్లూ షుగరు బాగా పెరుగుతుంది కాబట్టి ఆస్పత్రిలో మోతాదు ఎక్కువగానే ఉంటుంది. చెడిపోయిన భాగం తీసేసి ఇన్ఫెక్షన్ తగ్గాక శరీరానికి అంత ఇన్సులిన్ అవసరం ఉండకపోవచ్చు. కిడ్నీలు కూడా దెబ్బతిన్నవారిలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా ఇంటికొచ్చిన రోగి దిగులుతో సరిగ్గా తినడు. మోతాదు మాత్రం పాత కాగితంలో ఉన్నదే. అర్ధరాత్రి ఒళ్లంతా చెమట పట్టి, మాట తడబడి, పిలిస్తే పలకని భర్తను ఒక్కసారి చూసిన ఇల్లాలికి తర్వాత చాలా రాత్రులు నిద్ర పట్టదు. ఊపిరి ఆడుతోందో లేదో చూడటానికి లేచి కూర్చునే ఆ అలవాటును బంధువులు అతి జాగ్రత్త అనుకుంటారు. నిజానికి అది భయం. ఇంటికొచ్చిన మొదటి రెండు వారాల్లో మోతాదు తిరిగి చూసే వీలు, షుగరు ఎంతకు పడిపోతే ఏమివ్వాలో స్పష్టంగా రాసిన చీటీ, రాత్రి ఫోను చేస్తే పలికే ఒక మనిషి ఉంటే ఆ భయంలో సగం పోతుంది.

రాత్రికి ఇంకో గండం ఉంది. నిద్రమత్తులో కాలు లేదన్న సంగతి మరిచిపోయి మంచం దిగబోయి పడిపోయే రోగులు చాలామంది. కుట్లు విడిపోవడం, తుంటి ఎముక విరగడం ఇలాగే జరుగుతాయి. లేని పాదంలో నొప్పి, దురద, మంట ఉన్నాయని రోగి చెప్పినప్పుడు ఇంట్లోవాళ్లు మతి చలించిందేమోనని బెంబేలెత్తుతారు. అది భ్రమ కాదు, నటన అంతకన్నా కాదు. మెదడులో ఆ పాదానికి సంబంధించిన చోటు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. దీనికి మందులున్నాయి. 1990లలో మెదడు శాస్త్రవేత్త వి.ఎస్.రామచంద్రన్ ప్రయోగించి చూపిన అద్దం పద్ధతి కొందరికి ఉపశమనం ఇస్తుంది. ఉన్న కాలి ప్రతిబింబాన్ని అద్దంలో చూస్తూ కదిలించడమే ఆ పద్ధతి. రోగికి వచ్చే నొప్పి మాట అటుంచితే, అది మామూలుగా వచ్చేదేనని ముందే తెలిసిన కుటుంబానికీ తెలియని కుటుంబానికీ మధ్య ప్రశాంతతలో చాలా తేడా ఉంటుంది.

ఇక సంరక్షకుల శరీరం మీద పడే దెబ్బ సంగతి. మన ఇళ్లు ఒంటికాలి మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. ఎత్తు గడపలు, జారే స్నానాల గది, పెరట్లో మరుగుదొడ్డి. ఎనభై కిలోల మనిషిని యాభై కిలోల మనిషి చంకల కింద చేతులు వేసి లేపుతుంటే నడుము పట్టేయడానికి ఎన్నో రోజులు పట్టదు. వీల్‌చైర్‌ను ఉన్న కాలి వైపు మంచానికి ఆనించి, బ్రేకు వేసి, రోగి తన చేతుల బలంతోనే లేచేలా చేసి, పక్కన ఆసరాగా మాత్రమే నిలబడాలి. అరగంటలో నేర్పగలిగిన విద్య ఇది. కమోడ్ కుర్చీ ఒకటి కొనడం, గోడకు పట్టుకునే కడ్డీ బిగించడం ఆ నడుముకు ఏ మందు బిళ్లా చేయలేని మేలు చేస్తాయి.

సంరక్షకుల శరీరంలో జరిగే మార్పుల మీద గట్టి పరిశోధనలున్నాయి. 1995లో అమెరికాలో జానిస్ కీకోల్ట్ గ్లేసర్ బృందం, మతిమరుపు వ్యాధి ఉన్న బంధువులను చూసుకుంటున్న మహిళలకు, అలాంటి బాధ్యత లేని అదే వయసు మహిళలకు చేతి మీద ఒకే పరిమాణంలో చిన్న గాయం చేసి అది మానడాన్ని గమనించింది. సంరక్షకుల గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. మరొకరి పుండు మానాలని రాత్రింబవళ్లు తపించే మనిషి ఒంట్లో గాయం మానే శక్తే తగ్గుతోందన్న మాట. 1999లో షుల్జ్, బీచ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఇంకా ముందుకెళ్లింది. జీవిత భాగస్వామిని చూసుకుంటూ తీవ్రమైన ఒత్తిడికి లోనైన వృద్ధుల్లో, నాలుగేళ్ల కాలంలో మరణించే అవకాశం మిగతావారికంటే 63 శాతం ఎక్కువగా ఉంది.

అయితే దీన్ని పట్టుకుని సేవ చేయడమే ప్రాణాంతకం అనుకోవడం పొరపాటు. అదే అధ్యయనంలో, చూసుకుంటున్నా ఒత్తిడి లేదన్నవారిలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. 2013లో వచ్చిన మరో పెద్ద అమెరికన్ అధ్యయనంలో మొత్తం మీద సంరక్షకుల మరణాల రేటు ఇతరులకన్నా తక్కువగానే తేలింది. చాలామందికి ఆ పని ఒక అర్థాన్ని, బతుకుకు ఒక క్రమాన్ని ఇస్తుంది. రెండు ఫలితాలనూ కలిపి చూస్తే, సేవ కన్నా దానితో వచ్చే ఒత్తిడే మనిషిని దెబ్బతీస్తుండవచ్చు అనిపిస్తుంది. షుగరుతో కాలు కోల్పోయినవారి కుటుంబాల మీదే ప్రత్యేకంగా జరిగిన పరిశోధనలు తక్కువ. ఉన్నంతలో పోర్చుగల్ పరిశోధకుల పని చెప్పుకోదగినది. సంరక్షకులు మోస్తున్న భారం పెరిగేకొద్దీ వారి జీవన నాణ్యత పడిపోతుందని అది గుర్తించింది.

ఇక్కడ అందరూ మరిచే ఒక సంగతి ఉంది. చూసుకునే మనిషికి కూడా షుగరు ఉండే అవకాశం ఎక్కువ. భార్యాభర్తల్లో ఒకరికి షుగరు ఉంటే రెండోవారికి వచ్చే ప్రమాదం 26 శాతం ఎక్కువని కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో తేల్చారు. ఒకే వంట, ఒకే రకం జీవనం కదా. భర్త షుగరు రోజుకు మూడుసార్లు చూసే ఇల్లాలు తనది చివరిసారి ఎప్పుడు చూసుకుందో చెప్పలేని ఇళ్లు ఎన్నో. ఆయన రివ్యూకు వెళ్లిన రోజే ఆవిడకూ రక్త పరీక్ష, బీపీ, పాదాల పరీక్ష చేయడానికి ఆస్పత్రికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

పని ఎవరి మీద పడుతోందో జాతీయ కాల వినియోగ సర్వే స్పష్టంగానే చూపింది. 2024 సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంట్లోవారి సంరక్షణలో పాల్గొనేవారిని మాత్రమే తీసుకుంటే అది మహిళలకు 137, పురుషులకు 75 నిమిషాలు. భర్త కాలు పోతే భార్య చూసుకుంటుంది. భార్య కాలు పోతే తరచూ అత్తవారింటి నుంచి కూతురు రావాల్సి వస్తుంది. కూలికెళ్లే కుటుంబాల్లో దెబ్బ రెండు వైపులా తగులుతుంది: ఆయన సంపాదన ఎలాగూ ఆగింది, ఆయన్ని వదిలి వెళ్లలేక ఆవిడ కూలీ కూడా ఆగింది. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆస్పత్రి బిల్లును మోసినా, డ్రెస్సింగ్ సామాను, ఆటో కిరాయి, పోయిన కూలీ ఇంటి మీదే పడతాయి.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో డబ్బుకు లోటుండదు కానీ వేరే రకం ఒత్తిడి మొదలవుతుంది. వీడియో కాల్‌లో నాన్న షుగరు రీడింగ్ అడగడం, అమ్మ చేసేదాంట్లో తప్పులు వెతకడం, ఇంటర్నెట్‌లో చదివిన కొత్త మందు గురించి ఆరా తీయడం. ప్రేమతోనే చేస్తారు. వినే తల్లికి మాత్రం రోజూ పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది. దూరాన ఉన్నవారు చేయగలిగిన మంచి పనులు వేరే ఉన్నాయి. రాత్రిపూట మనిషిని పెట్టించి జీతం కట్టడం, మందుల ఆర్డర్లు, ఇన్సూరెన్స్ కాగితాల బాధ్యత పూర్తిగా తమ మీద వేసుకోవడం, ఫోనులో ముందు అమ్మ ఎలా ఉందో అడగడం వాటిలో కొన్ని.

అన్నం దగ్గర జరిగే గొడవ ఇంటింటి కథ. కాలు పోయాక రోగికి మిగిలిన కొద్ది సంతోషాల్లో తిండి ఒకటి. దానికి అడ్డుపడాల్సింది కూడా అదే సంరక్షకురాలు. రెండో ముద్ద పెరుగన్నం వద్దన్నందుకు కంచం విసిరికొట్టిన మనిషే గంట తర్వాత ఆమె భుజం పట్టుకుని లేవాలి. ఈ పోలీసు పాత్ర నుంచి ఆమెను తప్పించడం డాక్టర్లకు, డైటీషియన్లకు చేతనైన పని. ఎంత తినాలో రోగికే నేరుగా చెప్పి, అతనిచేతే ఒప్పించి, నిర్ణయం అతని చేతిలో పెడితే తగవులు తగ్గుతాయి. షుగరు తానే చూసుకోవడం, ఇన్సులిన్ తానే తీసుకోవడం, ఉన్న పాదాన్ని అద్దం పెట్టుకుని తానే పరీక్షించుకోవడం రోగి చేయగలిగినవే. ఈ పనులన్నీ చేతుల్లోంచి లాక్కోవడం ప్రేమే కావచ్చు, కానీ దానివల్ల ఇద్దరూ నీరసిస్తారు. పరామర్శకు వచ్చేవారి గురించీ ఒక మాట. కాఫీలు తాగి, పసర్ల వైద్యం చెప్పి, ‘నువ్వు ముందే చూసుకోవాల్సింది’ అని వెళ్లిపోయేవారికన్నా, రెండు గంటలు రోగి దగ్గర కూర్చుని ఆవిడను నిద్రపోనిచ్చేవారు ఆ ఇంటికి నిజమైన చుట్టాలు.

ఇది కొన్ని నెలల్లో ముగిసే వ్యవహారం కాదు. ఒక కాలు కోల్పోయినవారి రెండో పాదం అత్యధిక ప్రమాదంలో ఉన్నట్టు లెక్క. దాన్ని ఒకటి నుంచి మూడు నెలలకోసారి నిపుణులు పరీక్షించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాలు తీసేసే పెద్ద ఆపరేషన్ జరిగినవారిలో సగం లేదా అంతకు మించి ఐదేళ్లలో మరణిస్తున్నట్టు పలు దేశాల అధ్యయనాల్లో తేలింది. ఎక్కువగా గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. ఈ నిజాన్ని కుటుంబానికి దాచడం వల్ల మేలేమీ లేదు. తెలియకపోతే, ఎంత చేసినా మనిషి దక్కలేదన్న నింద కూడా చివరికి ఆ సంరక్షకురాలి నెత్తినే పడుతుంది.

మార్పు ఎక్కడ మొదలుపెట్టాలన్న దానిలో పెద్ద మర్మం లేదు. డిశ్చార్జ్‌కు ముందే, కట్టు కట్టడం, మంచం దింపడం, షుగరు పడిపోతే చేయాల్సింది, ఈ మూడూ ఇంటి నుంచి కనీసం ఇద్దరికి నేర్పాలి. ఇద్దరికి అన్నది ముఖ్యం. ఒక్కరికే పని వచ్చిన ఇంట్లో ఆ ఒక్కరికి జ్వరం రావడానికి కూడా వీలుండదు. రెండో మనిషి కొడుకు కావచ్చు, అల్లుడు కావచ్చు, పక్కింటివారు కావచ్చు. మగవారికి చేతకాదన్న సాకు నిలబడదు, క్రేప్ బ్యాండేజ్‌కు ఆడా మగా తేడా తెలియదు. సంరక్షకుల భారాన్ని కొలవడానికి జారిట్ ప్రశ్నావళి అనే 22 ప్రశ్నల సాధనం 1980ల నుంచీ వాడుకలో ఉంది. రద్దీగా ఉండే ఓపీలో అంత తీరిక లేకపోతే ‘రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, మీకు బదులు ఎవరున్నారు’ అని అడిగినా చాలావరకు తెలిసిపోతుంది.

డబ్బు సంగతికి వస్తే, కాలు కోల్పోయినవారు ఆలస్యం చేయకుండా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ఈ పింఛనును 2024లో 6,000 రూపాయలకు, తెలంగాణ 2023లో 4,016 రూపాయలకు పెంచాయి. వేళ్లు మాత్రమే తీసేసినవారు సాధారణంగా ఆ 40 శాతానికి చేరరు, అయినా వారి ఇంట్లో డ్రెస్సింగ్ పని, రాత్రి భయం ఏమీ తగ్గవు. ఈ లోటును ప్రభుత్వాలు పట్టించుకోవాలి. కృత్రిమ కాళ్లను జైపూర్ ఫుట్ సంస్థ ఉచితంగా అమరుస్తోంది. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో ద్వారా కూడా ఇవి అందుతాయి. రోగి తన కాళ్ల మీద తాను నడిచే రోజు ఎంత తొందరగా వస్తే సంరక్షకులకు అంత ఊరట, అందుకే ఈ కాగితాలను వాయిదా వేయకూడదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వాలన్న ప్రస్తావన ఉంది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో, మంచాన పడ్డవారిని చూసుకునే కుటుంబ సభ్యులకు నెలకు 600 రూపాయలు ఇస్తోంది. ఆ డబ్బుతో ఇల్లు గడవదు. కానీ ఇంట్లో కూర్చుని చేసేది కూడా పనేనని ప్రభుత్వం తన లెక్కల్లో రాసుకుంది. అదే కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చి, ఇంటికి వచ్చి చూసే నర్సులను ఊరూరా పంపింది. తెలంగాణ జిల్లాల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు, ఇంటికి వెళ్లే బృందాలు ఉన్నాయి, అవి ప్రధానంగా క్యాన్సర్ రోగుల కోసం పనిచేస్తున్నాయి. షుగరుతో కాలు పోయిన ఇళ్లకూ ఆ బృందాలు నెలకోసారి వెళ్లగలిగితే పుండు ముదరకముందే కనిపిస్తుంది, ఆ ఇల్లాలి నడుము నొప్పీ కనిపిస్తుంది.

కొన్ని లక్షణాలను మాత్రం అలసట అని కొట్టేయకూడదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, చిన్నదానికే ఏడుపు రావడం, రోగి మీద చేయి చేసుకునేంత కోపం రావడం, ‘ఇద్దరం పోతే పీడా పోతుంది’ అన్న ఆలోచన రావడం. ఇవి వచ్చిన మనిషి చెడ్డవారు కారు, జబ్బుపడ్డవారు, వారికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దానికి రోగిగా నమోదై ఉండాల్సిన అవసరం లేదు, చూసుకుంటున్నవారు తమ కోసమే చేయవచ్చు.